కారణం రాయవలసిన గడి

ఆ ఇంట్లో నేల తుడవడమంటే ఒక్కసారితో తీరేది కాదు. ఆమె ఆఫీసుకు వెళ్ళేముందు ఒకసారి, రాగానే ఒకసారి, ఆపైన అత్తగారి కంటికి మరక ఆనినప్పుడల్లా ఇంకోసారి. మొగుడు మహానుభావుడు పేపర్లోంచి తలెత్తకుండా కాళ్ళు మాత్రం పైకెత్తుతాడు. "నీ ఓపికకి దండం పెట్టాలే" అంటాడు. దండమే తప్ప ఏనాడూ గుడ్డ పట్టుకున్న పాపాన పోలేదు.

ఆ నేలమీదికే పోయిన ఏడు ఆమె అన్న వచ్చాడు. సైన్యంలో ఉండగా మందుపాతర పేలి మోకాలి కింద కాలు పోయింది. బదులుగా ఇచ్చిన పెట్టుడు కాలికి బూటు బిగించే ఉంటుంది, గుమ్మంలో చెప్పులు విడిచినట్టు విడిచేది కాదు. పదకొండు రోజులున్నాడు. "ఎన్నాళ్ళుంటాడో కాస్త కనుక్కో" అన్నాడు మొగుడు. "ఆ బూటు మరకలు ఎంత తుడిచినా పోవడం లేదే" అంది అత్తగారు. పన్నెండో రోజు సాయంత్రం, బయట వాన పడుతుండగా, ఆ కాలు గడప అవతల విప్పేసి లోపలికి రమ్మన్నారు. అతను విప్పాడు. గోడ పట్టుకుని గెంతుకుంటూ వచ్చి, సంచీ సర్దుకుని వెళ్ళిపోయాడు. అత్తగారి నోటికి భయపడి బతకాలి, ఏం చేస్తాం అని ఆమె ఏడాదిగా తనకు తనే సర్దిచెప్పుకుంటోంది.

ఇంతకీ ఆమె ఉద్యోగం ఏమిటనుకున్నారు? కాలో చెయ్యో పోగొట్టుకుని, తలదాచుకోను చోటులేని మాజీ సైనికులకు గదులు కేటాయించే ఆఫీసులో గుమాస్తా. నవ్వొస్తే నవ్వండి, ఆమెకైతే రావడం లేదు.

ఆ సోమవారం దరఖాస్తుల కట్టలో అన్నది కనిపించింది. చిన్నప్పుడు ఆమె పుస్తకాలకు అట్టలేసి పేరు రాసిపెట్టిన గుండ్రటి చేతిరాత. ఉంటున్న చోటు: బస్టాండు, ఆరో ప్లాట్‌ఫారం. కాలు చూసి "మెట్లున్నాయండీ" అన్నవాళ్ళే తప్ప ఇల్లు అద్దెకిచ్చినవాళ్ళు లేరు కాబోలు. దగ్గరి బంధువులు: ఎవరూ లేరు.

ఎవరూ లేరంటే విచారణ జరగాలి, దానికి ఏడాది పడుతుంది. బంధువు ఒకరు వచ్చి, ఎందుకు ఉంచుకోలేరో కారణం రాసి సంతకం పెడితే వారంలో గది. ఈ సంగతి దరఖాస్తు మీదే అచ్చేసి ఉంది. అన్న చదివే ఉంటాడు. చదివి కూడా చెల్లెలి పేరు రాయలేదు. ఆమె సిగ్గుపడుతూ ఆ దరఖాస్తును కట్టలోంచి వేరుగా తీసిపెట్టింది.

తర్వాత బంధువులు నింపే కాగితం ఒకటి తీసుకుంది. బంధుత్వం: చెల్లెలు. కారణం దగ్గర అందరూ రాసేదే తనూ రాసింది, స్థలం లేదని. మూడు గదుల ఇల్లు గుర్తొచ్చి కొట్టేసింది. అత్తగారు ఒప్పుకోలేదు అని రాసింది. పెన్ను అక్కడే ఆగిపోయింది.

సూపరింటెండెంటు భుజం మీదుగా తొంగిచూశాడు. "స్థలం లేదని రాసెయ్యండమ్మా. ఆఫీసంతా చదివే కాగితం, మీ పరువు మీరే తీసుకోవడం ఎందుకు?"

"నా పరువు కోసమేనండీ మా అన్నయ్య బస్టాండులో పడుకోవాల్సొచ్చింది."

అత్తగారి మాట కూడా కొట్టేసి, కింద స్పష్టంగా రాసి సంతకం పెట్టింది.

"కాలు బయట విప్పి రమ్మన్నది నేనే. అప్పుడు ఇంట్లో ఇంకెవరూ లేరు."