చల్లారేదాకా

వెల్డా చేతులకు గుడ్డలు చుట్టుకుని ఓవెన్ తలుపు తీసింది. పాత ఆయిలు కాలిన వాసన వంటిల్లంతా కమ్మింది. తడివేళ్లు విదిలిస్తే నీటిబొట్టు లోపలున్న అల్యూమినియం ఇంజను కేసు సగం మీద గెంతి ఆవిరైంది. చాలు. ఆ సగాన్ని బల్ల మీద పెట్టి బేరింగు వదిలింది. సుత్తి పని లేకుండా, తన బరువుకే జారి గూట్లో కూర్చుంది.

"కూర్చుందా?" అన్నాడు చక్రాల కుర్చీలోంచి ఆమె అన్న డెల్మర్.

"కూర్చుంది."

ఓహాయోలో ఆ చిన్న ఊరి బడిలో ముప్ఫై నాలుగేళ్లు వంట చేసింది వెల్డా. గరిటెలు తిప్పి తిప్పి కుడి భుజం కిందికి వాలింది, ముంజేతుల నిండా పెనాల అంచులు కాల్చిన గీతలు. 1947 నాటి ఆ మోటారు సైకిలు ఇంజను తన రిపేరు షెడ్డులో విప్పిననాడు డెల్మర్‌కి చూపుంది. షుగరు చూపు తినేసి, ఇప్పుడు గుండె మీదికొచ్చింది. డాక్టరు వారమన్నాడు. ఇంజను మూశాకే పోతానన్నాడు డెల్మర్. బయటి మెకానిక్కు చెయ్యి పెడితే ఒప్పుకోడు, చెల్లెల్ని నమ్మడు. గ్రేవీ కలిపే చేతులకి ఇంజనేం తెలుసని పొద్దుటి నుంచీ సణుగుడే. ఆ సణుగుడు ఆగినప్పుడల్లా అతని ఛాతీ కదులుతోందా లేదా అని చూసుకుంటోంది వెల్డా.

లోపల తిరిగే క్రాంకు ఇరుసు దించి, రెండో సగం మూసి బోల్టులు బిగించింది. డెల్మర్ తడుముకుని ఇరుసు చివర పట్టుకుని లాగి నెట్టాడు. టక్కుటక్కున ఆడింది.

"వదులుగా ఉంది. ఇంకో పల్చటి వాషరు వెయ్యి."

వెల్డా వాషర్ల డబ్బా దగ్గరికి లాక్కుంది గానీ తెరవలేదు. బడిలో పొయ్యి మీదున్నంతసేపూ అల్యూమినియం గిన్నెలో లొడలొడలాడే స్టీలు జల్లెడ, గిన్నె చల్లారితే లాగినా వచ్చేది కాదు.

"వెయ్యను. చల్లారాక చూద్దాం."

"ఎంతసేపే?"

"రెండు గంటలు."

"అంతసేపు ఉంటానో లేదో."

"ఉండు. ఇప్పుడు వాషరేస్తే చల్లబడ్డాక బిగుసుకుపోతుంది. నీ తొందరకి ఇంజను పాడుచెయ్యలేను అన్నా."

అతను మొహం తిప్పేసుకున్నాడు, ఆమె పెట్టిన సూపు ముట్టలేదు. వెల్డా ఎదురుగా కూర్చుని అతని ఊపిరి లెక్కపెట్టింది. ఈ లోపలే ఏమన్నా అయితే, ఆఖరి కోరిక చేజేతులా ఎగ్గొట్టినదాన్నవుతానని ఆమెకి తెలుసు. అయినా కదల్లేదు.

లోహం అరచేతికి చల్లగా తగిలాక అతని చెయ్యి ఇరుసు మీద పెట్టింది. లాగాడు. వెంట్రుకవాసి ఆడింది. ఒక్క వేలితో తిప్పాడు. చప్పుడు లేకుండా తిరిగింది, వేలు తీసేశాక కూడా తిరిగింది. మళ్లీ తిప్పాడు. మళ్లీ.

"నువ్వు నా షెడ్డులో ఉండాల్సినదానివే."

"ఎప్పుడన్నా పిలిచావా?"

డెల్మర్ దగ్గొచ్చేదాకా నవ్వాడు.

కేసు విప్పి, ఆయిలు కారకుండా అంచులకు నల్ల జిగురు పల్చగా రాసి, మూసి, బోల్టులు ఎదురెదురుగా బిగించింది వెల్డా. తల ఎత్తుకుని బిగించింది. అతను అతుకు పొడుగునా బొటనవేలు నడిపించి, "బాగుంది," అన్నాడు.

ఆమె మోచేతుల దాకా సబ్బు రుద్దుకుంటూ ఏదో కూనిరాగం తీసింది. తిరిగొచ్చేసరికి డెల్మర్ తల భుజం మీదికి వాలి ఉంది. ఛాతీ వంక చూసింది. చాలాసేపు చూసినా అది కదల్లేదు. ఇంజను మీది చెయ్యి మెల్లగా తీసి అతని ఒళ్లో పెట్టింది.

బయటికి ఉబికిన జిగురు మర్నాడు గీకేసింది, ఒక్కచోట తప్ప. అక్కడ నల్లగా గట్టిపడిన జిగురులో ఒక బొటనవేలి గీతలు.