కత్తెర అడుగులు

ఫోన్‌లో, నడక లెక్కేసే యాప్‌లో నా బొమ్మ చేసింది మా అక్కే. బట్టతల పెట్టింది, పొట్ట పెట్టింది, చాలదన్నట్టు జేబులో దువ్వెన కూడా పెట్టింది. "నీకంటే ఇదే నయంరా" అని నవ్వింది. పక్కన తన బొమ్మ, ముడి, కళ్లజోడు. ఇద్దరం సమానంగా నడిస్తే బొమ్మలు చెయ్యీ చెయ్యీ పట్టుకుని నడుస్తాయి, రోజురోజుకీ సన్నబడతాయి. నడవనివాళ్ల బొమ్మ బెంచీ మీద కూలబడుతుంది. కావాలంటే మన అడుగులు పక్కవాళ్లకు ఇవ్వొచ్చు.

అక్కకు షుగరు. తోడు లేకపోతే గుమ్మం దాటదని నేనూ చేరాను. మొదటి రెండు రోజులు నిజంగానే నడిచాను. మూడోరోజు అడుగులు లెక్కపెట్టే చేతి పట్టీ విప్పడం మరిచి సెలూన్‌లో పనిలో దిగాను. మధ్యాహ్నానికి తొమ్మిది వేల అడుగులు. నేను కుర్చీ చుట్టూ తిరగడం తప్ప నడిచింది లేదు. కత్తెర ఆడినప్పుడల్లా పట్టీ అడుగు లెక్కేసుకుంది. కస్టమర్లతో చెప్పుకుని నవ్వాను కూడా. ఆపైన నడక మానేశాను, అక్కకు మాత్రం చెప్పలేదు.

నెల తిరిగేసరికి నా బొమ్మకు పొట్ట పోయింది. అద్దంలో నాది చెక్కుచెదరలేదు. "వాడు రోజంతా నిలబడి పనిచేసి కూడా అంత నడుస్తున్నాడు, నాకేం రోగం" అని అక్క బావతో అందట. విని సిగ్గుపడ్డాను, అంతే.

మంగళవారం సెలవని వాళ్లింటికి వెళ్తే అక్క బొటనవేలి కింద పుండు చూశాను.

"చెప్పు కరిచిందిలే. నొప్పి కూడా తెలియట్లేదు" అంది. షుగరున్నవాళ్లకు నొప్పి తెలియకపోతేనే భయం.

"డాక్టరు నడవొద్దన్నాడు. వింటేగా మీ అక్క?" అన్నాడు బావ.

"నేనాగితే వీడి చెయ్యి వదిలేసినట్టుంటుందండీ."

నిజం నోటిదాకా వచ్చింది. మింగేశాను. మర్నాడు పట్టీని డ్రాయర్లో పడేశాను. నా బొమ్మ కూలబడితే అక్కా ఆగుతుంది, నా పరువూ దక్కుతుంది. ఆ ఉపాయం తట్టినందుకు నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

సాయంత్రం ఒకాయన గడ్డానికి నురగ రాసి ఫోన్ చూశాను. నా బొమ్మ బెంచీ మీద లేదు. అక్క చెయ్యి పట్టుకుని నడుస్తోంది. కింద, 'మీ అక్క మీకు ఆరు వేల అడుగులు ఇచ్చారు' అని ఉంది.

ఫోన్ చేశాను. అక్క రొప్పుతోంది.

"ఒంట్లో బాలేదా రా? పొద్దుట్నించీ నీ బొమ్మ కూలబడే ఉంది, చూడలేకపోయాను. నీవీ నావీ నేనే నడిచేస్తున్నాలే."

"అక్కా, ఆగు. నేను రెండు రోజులే నడిచాను. మిగతాదంతా కత్తెర."

కుర్చీలో ఆయన అద్దంలోంచి నన్నే చూస్తున్నాడు. ఆయన ముందే మొత్తం చెప్పాను.

"ఇక్కడ కూర్చోడానికి బెంచీ కూడా లేదురా" అంది అక్క. "చెప్పంతా తడిగా, ఎర్రగా ఉంది. వచ్చి తీసుకెళ్లు."

నురగ గడ్డంతో ఆయన్ని అలాగే వదిలేసి పరుగెత్తాను. పట్టీ డ్రాయర్లోనే ఉండిపోయింది.