ఆకలేసి ఆడిన అబద్ధం

ఆసుపత్రి బిల్లుల కిటికీ దగ్గర చెకరమ్మ కుడికంటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడింది. లోపలి మనిషి బీమా కార్డును అటూ ఇటూ తిప్పి, ఇది మా దగ్గర చెల్లదమ్మా అన్నాడు. ఎక్కడ చెల్లుతుందో ఆయనకీ తెలియదట, ఆమె పనిచేసే కంపెనీ వాళ్లనే అడగాలట. వెనకాల ఉన్న ఆమె ఫ్యాక్టరీ కటింగ్ మాస్టర్‌కి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

బట్టల ఫ్యాక్టరీలో కుట్టిన చొక్కాల్లో తప్పులు పట్టే చెకర్ పని ఆమెది, అందుకే అందరికీ చెకరమ్మ. కంటి లోపలి పొర ఊడింది, వెంటనే ఆపరేషన్ చెయ్యకపోతే చూపు దక్కదని డాక్టరు చెప్పాడు. బీమా ఉందిగా, భయమెందుకని అక్కడికి తీసుకొచ్చింది మాస్టరే. బీమా గురించి ఆయనకేం తెలుసు? మట్టి తెలుసు.

తెలుసుకునే రోజు అంతకుముందే ఒకటి రాకపోలేదు. బీమా సంగతి వివరించడానికి కంపెనీ ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు, సరిగ్గా భోజనాల వేళకి. ఆ ఫ్యాక్టరీలో ఏ మీటింగైనా అప్పుడే పెడతారు. మిషన్లు ఆగకూడదు, కడుపులు ఆగొచ్చు! అందుకే జనానికో అలవాటు పడింది. అర్థమైందా అని అడగడమే ఆలస్యం, అయింది సార్ అని అందరూ ఒకేసారి అనేసి క్యారేజీల మీద పడతారు. ప్రశ్న వేసినవాడు పదిమంది కూడు చెడగొట్టినట్టే. ఆ రోజు చెకరమ్మ ఏదో అడగబోయి లేచింది. మాస్టర్ ఆమె చెయ్యి లాగి కూర్చోబెట్టాడు.

"కూర్చో తల్లీ, అన్నం చల్లారిపోతోంది."

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వేసింది.

ఇప్పుడు కంపెనీ ఆఫీసుకు పరుగెత్తితే అక్కడా అదే తంతు. ఏ ఆసుపత్రికి పోవాలి, ముందు ఎవరికి చెప్పాలి, ఏది వస్తుంది, ఏది రాదు, ఇంతే కదా కావలసింది. అంత చిన్న సంగతి రాసిన కాగితం ఒక్కటి లేదు. ఉన్నదల్లా లాయర్ల కోసం అచ్చేసినట్టున్న లావుపాటి పుస్తకం. అది మేనేజరుకే కొరుకుడు పడలేదు. వాళ్లనీ వీళ్లనీ అడిగి సరైన ఆసుపత్రి పట్టుకునేసరికి కన్ను కాస్తా పోయింది. ఆమె మాస్టర్‌ని ఒక్క మాట అనలేదు. నాలుగు తిట్టినా ఆయనకి బాగుండేది.

ఆ సంగతి తెలిసి పొద్దుటి షిఫ్టు వాళ్లంతా ఫ్యాక్టరీ గేటు ముందు బైఠాయించారు. రెండో షిఫ్టు వాళ్లనీ పిలుద్దామని ఎవరో అంటే మాస్టరే కొట్టిపారేశాడు. వాళ్లు ఉత్త పిరికివాళ్లు, తలవంచుకుని లోపలికి పోయే రకం అన్నాడు.

మేనేజర్ బయటికొచ్చాడు. "చెప్పలేదంటారేంటయ్యా? మనిషిని పంపించి మరీ చెప్పించాం. అర్థమైందని మీరే అన్నారుగా."

కూర్చున్నవాళ్ల తలలు వాలిపోయాయి. మాట నిజమే మరి. మాస్టర్ లేచాడు.

"అన్నాం సార్. ఆకలేసి అబద్ధమాడాం. ఈ అమ్మ అడగబోతే నోరు నొక్కింది నేనే, సిగ్గుతో చస్తున్నాను. కడుపులు మాడ్చి మాచేత ఆ మాట అనిపించిన మీకు ఏమీ అనిపించట్లేదా?"

తర్వాత తలా ఒక మాట అందుకున్నారు. బీమా సంగతులు మాకర్థమయ్యే మాటల్లో ఒక్క పేజీలో రాసి ప్రతి మనిషికీ ఇవ్వాలి, పని వేళలోనే చదివి వినిపించాలి, అడిగినదానికి జవాబు చెప్పాలి అన్నారు. మేనేజర్ అదంతా పక్కకి నెట్టి, చెకరమ్మకి తేలికపాటి పని ఇస్తాను, మీరంతా లోపలికి నడవండి అన్నాడు. అందరూ ఆమెవైపు చూశారు.

"నా కన్ను పోయింది సార్, ఇంక నాతో బేరమేముంది? వీళ్లకి కళ్లున్నాయి. వీళ్ల సంగతి చెప్పండి" అందామె.

మేనేజర్ లోపలికి పోయి ఫోన్ చేశాడు. పోలీసు వ్యాన్ వచ్చింది. మాస్టర్‌నీ, చెకరమ్మనీ, ముందు వరసలో ఉన్నవాళ్లనీ ఎక్కించి, మిగతావాళ్లని తరిమేశారు. గేటు ముందు ఖాళీ అయింది. అయిపోయింది, ఇంతే మన బతుకు అనుకున్నాడు మాస్టర్.

అప్పుడే రెండో షిఫ్టు బస్సు వచ్చి ఆగింది. దిగినవాళ్లు వ్యాన్‌వైపు చూశారు, తెరిచి ఉన్న గేటువైపు చూశారు. ఒక్కొక్కరే వచ్చి ఆ ఖాళీలో కూర్చున్నారు.

వీళ్లనా తను పిరికివాళ్లన్నది! వ్యాన్ కిటికీ ఊచలు పట్టుకుని మాస్టర్ వెక్కివెక్కి ఏడ్చాడు.