తేదీ వేయని మాట

నిఘంటువు ఆఫీసులో కార్డులు రాసే మాస్టారు తన కార్డుల డబ్బాను నాలుగోసారి వెదికాడు. 'రూడిమెంట్స్' కార్డు మీద అర్థం ఉంది: ఏ విద్యలోనైనా మొట్టమొదట నేర్చుకోవలసిన మూలసూత్రాలు, లాటిన్ నుంచి వచ్చింది, ఎక్కువగా బహువచనంలోనే వాడతారు. దాని కింద వాడుక వాక్యం ఉండవలసిన గీత మాత్రం ఖాళీ. ఆ ఆఫీసులో వాక్యాలు కల్పించకూడదు. ఎవరైనా తమంతట తాము అన్న మాటనే, విన్న తేదీతో సహా రాయాలి. వాక్యం లేని మాటను ఆ సాయంత్రం నాలుగింటికి, అచ్చుకు పంపే ముందు, పేజీలోంచి తీసేస్తారు.

"ఎవరు చూడొచ్చారు మాస్టారూ, మీరే ఒకటి అనేసుకుని రాసేయండి," అంది టైపిస్టు. "గోడకి చెవులే గానీ నోరుండదుగా!"

ఆయన నవ్వలేదు. 'రూడిమెంట్స్' అన్న మాటను నలభై ఏళ్ళుగా అక్క నోట వింటూనే ఉన్నాడు. ఆమె కుట్టు టీచరు. నేర్చుకోవడానికి వచ్చిన ప్రతి పిల్లనూ ఆ మాటతోనే తిట్టేది. ఇంట్లో మాటే కదా అని ఒక్కసారైనా కార్డు మీదికి ఎక్కించలేదు. ఇప్పుడామె మంచం పట్టింది. నాలుగు రోజులుగా మంచినీళ్ళు అడగడానికి తప్ప నోరు విప్పడం లేదు.

మధ్యాహ్నం ఇంటికి పరిగెత్తాడు. అడిగి అనిపిస్తే చెల్లదు. పెన్సిలు జేబులో పెట్టుకుని మంచం పక్కన కూర్చున్నాడు. రెండున్నర దాటింది. మూడయింది. చొక్కాకు ఊడిన గుండీ కుట్టుకోబోయాడు. అది అవసరమో, అక్కకు వేసిన ఎరో ఆయనకే తెలియలేదు.

అక్క కళ్ళు తెరిచింది.

"దారం అంత పొడుగా? మూరెడు చాలదూ? నీకు రూడిమెంట్స్ కూడా రావురా, వెధవా!"

ఆయన గబుక్కున లేచాడు.

"కాసేపు కూర్చోరా. చూపిస్తాను."

"సాయంత్రం వస్తానక్కా. నువ్వు కదలకు."

"కదిలి ఎక్కడికి పోతాన్రా!"

నాలుగింటికి ఎనిమిది నిమిషాలుండగా ఆఫీసు మెట్లెక్కాడు. వాక్యం రాశాడు. తేదీ వేశాడు. అన్నవారు: కుట్టు టీచరు. పేజీ అచ్చుకు వెళ్ళింది. టైపిస్టు చప్పట్లు కొట్టింది.

ఇంటికి వచ్చేసరికి గుమ్మం ముందు చాలా చెప్పులున్నాయి. పక్కింటి పిన్నిగారు ఎదురొచ్చింది.

"నువ్వెళ్ళాక లేపి కూర్చోబెట్టమంది నాయనా. ఓ పాత గుడ్డ, సూది, దారం, గుండీలు ఇమ్మంది. నేను పాలు వేడి చేసి తెచ్చేలోపే..."

మంచం మీద అరచేతంత తెల్లగుడ్డ ఉంది. దాని మీద వరసగా మూడు గుండీలు. మొదటిది గట్టిగా కుట్టి ఉంది. రెండోదాని కుట్లు, చూసి నేర్చుకునేవాడి కోసం, పెద్దవిగా, వదులుగా వేసి ఉన్నాయి. మూడోదానిలో దారం ఒక్క రంధ్రంలోంచే పైకి వచ్చి, సరిగ్గా మూరెడు పొడవున, సూదితో సహా మంచం అంచు మీదుగా వేలాడుతోంది.