భాను రెండో కాలు

నా చెల్లెలు భానుకు రెండు కాళ్లు. ఒకటి పుట్టుకతో వచ్చింది. ఇంకొకటి కార్బన్ ఫైబర్‌ది, నల్లగా, వంపు తిరిగి, పరుగు కోసమే చేసింది. భద్రాచలం దారిలో మా ఇంటి వెనక టేకుచెట్ల మీద మంచు ఇంకా కరగకముందే ఆ రెండో కాలిని ఒళ్లో పెట్టుకుని, లోపలి పోగులు తెగాయేమో చూడటానికి మీటరు తీగలు తగిలించడం నా పని. నల్లటి పోగుల్లోంచి కరెంటు నడిచిపోతుంటే నాకు అడవి బాటలు కనబడతాయి. పోగులు తెగి బాటలు మూసుకుపోయినకొద్దీ కరెంటుకు నడక కష్టమవుతుంది, మీటరులో అంకె పెరుగుతుంది. కదలని ఆ అంకెను చూస్తూ సగం నిద్రలో కూర్చోవడం నాకు ఎంత ఇష్టమో చెప్పలేను.

ఆ రోజు నిద్ర వదిలిపోయింది. దసరాకు ముందు నాలుగు ఓమ్‌లున్న అంకె, పండగయ్యాక మొదటిసారి చూస్తే ఐదు దాటింది. పైకి గీత కూడా లేదు. మర్నాడే ఖమ్మంలో పరుగు జట్టు ఎంపిక. రెండేళ్లుగా భాను దానికోసమే బతుకుతోంది.

మా నాన్న కాశయ్య ముప్పై ఏళ్లు బొగ్గుబాయిలో పైకప్పును కర్రతో తట్టి, చప్పుడు విని, మనుషుల్ని లోపలికి పంపినవాడు. కాలిని కూడా అలాగే తట్టి చెవి పెట్టాడు.

"ఖంగుమంటుంది బిడ్డా, లోపల గట్టిగనే ఉంది. నీ మీటరు డబ్బానే ఖరాబైంది."

నాకు ఒళ్లు మండింది. తీగలను నాలుగేసి వేళ్లు జరుపుతూ పోయాను. పైకొసన అంకె ఎగిరింది. అక్కడ ఆయుధపూజ నాటి పసుపు బొట్టు. గోటితో గీరితే కింద బెజ్జం!

"ఇదేంది నాయినా?"

ఆయన చేతిలోంచి కర్ర జారిపోయింది. "నిమ్మకాయ కడితే దారం నిలుస్తలేదు. సన్న డ్రిల్లుతోని పెట్టిన. పిల్లకు దిష్టి తగలొద్దని..."

భాను నన్నే చూసింది. "ఉరికితే విరుగుతదా అక్కా?"

"విరగొచ్చు, విరగకపోవచ్చు. విరిగితే ఉన్న మోకాలు కూడా పోతది."

మంచు చెట్ల మీంచి గోదారి వైపు మెల్లగా జారుతోంది. భాను ఏడ్చింది, నాన్న అంతకంటే ఎక్కువ ఏడ్చాడు. ఆయన మీద కోపం చల్లారకపోయినా, జాలేసి, జారిన కర్ర తీసి ఆయన పక్కన పెట్టాను.

చివరికి భాను ఖమ్మం వెళ్లడం మానుకుని, ఆ కాలిని అటక మీద పెట్టించి, చంకకర్ర ఊతంతో వంటింట్లోంచి నిమ్మకాయ తెచ్చి నాన్న చేతిలో పెట్టింది.

"ఈసారి అక్క మీటరుకు కట్టు నాయినా," అంది కళ్లు తుడుచుకుంటూ. "బెజ్జం మాత్రం పెట్టకు."