అనగా బొందలగడ్డ

మూడో పేజీ అడుగున నాలుగు వేళ్ల మేర ఖాళీ మిగిలింది. ఐలయ్య స్కేలు పెట్టి ఈ మూల నుంచి ఆ మూలకు అడ్డగీత కొట్టాడు. తర్వాత కాగితాన్ని ఎత్తి కిటికీ వెలుతురుకు పట్టి చూశాడు. వెనక ఇంకో కాగితం అంటుకుని లేదని తేలాకే పేజీ తిప్పాడు.

"మళ్లీ గీతలు మొదలుపెట్టారా ఐలయ్యగారూ?" అంటూ సెక్రటరీ జయంతి హెల్మెట్ తీసి బల్ల మీద పెట్టింది. "అది ఏడాది రిపోర్టండీ. పైకి పంపాల్సింది."

"ఖాళీ ఉంటె ఎవలన్న ఏదన్న రాస్తరమ్మా."

"ఎవరు రాస్తారు? నేనా?"

ఏమో, రాయవచ్చు, అనుకున్నాడు ఐలయ్య. మదీనాగూడ నుంచి రోజూ స్కూటీ మీద వచ్చే ఈ పిల్ల మంచిదే. కానీ మంచివాళ్లు తెచ్చిన కాగితాలు ఆయన ఇదివరకు చూసి ఉన్నాడు.

అరవై ఒక్క ఏళ్ల మనిషి. మెడ దాకా బొత్తాలు పెట్టుకున్న తెల్ల చొక్కా, ఎడమ భుజం నుంచి జండూబామ్ వాసన. ఆ భుజం వారం నుంచి గుంజుతోంది. దవాఖానకు పోవడానికి తీరలేదు. ఏదులగూడ గ్రామపంచాయతీలో ఆయన కారోబారు. అంటే రాసేవాడు, తిరిగేవాడు, తిట్లు తినేవాడు. నగరం అంచున తెల్లాపూర్ దాటి ఇంకాస్త లోపలికి వస్తే, నాలుగు టవర్ల నీడలో పడుండే ఊరది. సర్పంచు పదవీకాలం ముగిసి ఏడాదైంది. ఇప్పుడు పంచాయతీ అంటే జయంతి, ఐలయ్య, ఇద్దరు సఫాయి వాళ్లు, ఒక ట్రాక్టరు. వచ్చే నెల ఒకటో తారీఖున అదీ ఉండదు. ఊరు మున్సిపాలిటీలో కలిసిపోతుంది.

ఐలయ్య వేలు పెట్టి రిపోర్టు చదివాడు. వీధిదీపాలు అరవై నాలుగు మార్చారట. నిజమే, అందులో పది మళ్లీ పోయాయి. నర్సరీలో ఆరు వేల మొక్కలు పెంచారట. మేకలు తిన్నవి ఎన్నో రాయలేదు. బోరు మోటారుకు మూడుసార్లు మరమ్మతు. మూడోసారి పైపులు పట్టి లాగినవాడు తనే, భుజం అప్పుడే పట్టింది. బడి బాత్రూముకు తలుపు ఒకటి. కాలువల్లో పూడిక తీసింది పన్నెండు వందల మీటర్లు. ఎల్లమ్మ వాడ కాలువలోంచి డబుల్ కాట్ పరుపు బయటికి తీయడం ఒక దినమంతా పట్టింది. ఆ సంగతి పూడికలోనే కలిసిపోయింది.

చివర తీర్మానం. గ్రామానికి చెందిన ఎకరం స్థలాన్ని వైకుంఠధామంగా గుర్తించి, కంచె వేసి, ఆ ప్రకారమే మున్సిపాలిటీకి అప్పగించాలని గ్రామసభ తీర్మానించింది.

"ఈ మాట తీసెయ్యమ్మా. బొందలగడ్డ అని రాయి."

"పంచాయతీ యాప్‌లో ఆ పేరు లేదండీ. శ్మశానానికి ప్రభుత్వం పెట్టిన పేరు వైకుంఠధామం. ఊరూరా కట్టారు, మన ఊళ్లో తప్ప. సాయంత్రం అయిదింటిలోగా డెబ్బై అయిదు సంతకాలు కావాలి. లేకపోతే ఆ స్థలం ఖాళీ జాగా అని వెళ్లిపోతుంది. తర్వాత నేను చేయగలిగింది ఏమీ లేదు."

గ్రామసభ అంటే ఏదులగూడలో ఎప్పుడూ కుర్చీల మీద జరగలేదు. గడపల మీదే జరిగేది. కారోబారు రిజిస్టరు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి దస్కతులు తెచ్చేవాడు. రెండు రోజులు తిరిగి ఐలయ్య నలభై తొమ్మిది తెచ్చాడు. మిగిలినవి టవర్లలో ఉన్నాయి, ఎల్లమ్మ వాడలో ఉన్నాయి. రెండు చోట్లకీ పోవాలంటే ఆయనకు కాళ్లు రావు. అయినా రిపోర్టు పేజీలు లోపల పెట్టి రిజిస్టరు చంకన పెట్టుకున్నాడు. రేకు డబ్బాలో ఉన్న ఇంకు ప్యాడును చొక్కా జేబులో వేసుకున్నాడు. ఆ గడ్డలోనే, తంగేడు పొద పక్కన, ఆయన భార్య ఉంది.

టవరు గేటు దగ్గర సెక్యూరిటీ అతను ఫొటో తీశాడు, ఫోను నంబరు రాసుకున్నాడు, ఎవరింటికి, ఏం పని అని రెండుసార్లు అడిగాడు. తమ పంచాయతీ ఇంటి నంబర్లు వేసిన గోడే అది. ఆ నంబర్లు రాసిన చేతినే పైకి కిందికి చూసి లోపలికి వదిలాడు.

పద్నాలుగో అంతస్తులో వెంకటరామయ్య గారు తలుపు సగమే తెరిచారు. కోస్తాలో ప్రభుత్వోద్యోగం చేసి రిటైరై కొడుకు దగ్గర ఉంటున్న మనిషి. ఓటు ఇక్కడే. కళ్లజోడు పెట్టుకుని తీర్మానం దాకా చదివేసరికి ఆయన ముఖం విప్పారింది.

"వైకుంఠధామమా! పేరు బాగుందండీ. ఏ బిల్డరు? విల్లాలా, అపార్టుమెంట్లా?"

"బిల్డర్ లేడు సార్. పీనుగులను పెట్టే జాగ."

వెంకటరామయ్య గారు పేజీ మీది నుంచి వేలు తీసేశారు. "మా బాల్కనీ ఎదురుగా ఉన్న ఖాళీ స్థలం కాదు కదండీ? అక్కడ వాకింగ్ పార్కు వస్తుందని మా అసోసియేషన్లో చెప్పారే!"

"అది ఖాళీ కాదు సార్. నిండుగ ఉన్నది."

"అబ్బే, నేను సంతకం పెట్టలేనండీ. ఏమీ అనుకోకండి. అసలు మీరు పంచాయతీ మనిషని నమ్మకమేమిటి? ఈ గీతలేమిటి పేజీ నిండా?"

తలుపు మూసుకున్నాక, వరండా చివరి కిటికీ అద్దంలోంచి ఐలయ్య కిందికి చూశాడు. ఇంత ఎత్తు నుంచి బొందలు కనబడవు. ఎర్రమట్టి, అక్కడక్కడ పొదలు. పైనుంచి చూసినవాడికి అది ఖాళీ జాగే. ఆయనకు భయం పుట్టింది. తన భార్య మీద టైల్సు పరుస్తారు, దాని మీద బూట్లేసుకుని పొద్దున్నే జనం నడుస్తారు. లిఫ్టు ఎక్కకుండా మెట్లు దిగుతూ తొమ్మిదో అంతస్తులో కాసేపు కూలబడ్డాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది. లేచి మళ్లీ దిగాడు.

ఈ టవరు కింద ఉన్నది, ఆ వాడలోనే ఉండే ఎల్లమ్మ అనే ఆమె మెట్ట చెలక. మూడెకరాలు. పద్దెనిమిదేళ్ల కింద అప్పటి సర్పంచు కాగితాల కట్ట చేతిలో పెట్టి, వాడకు బోరు వేయిస్తున్నాం, వేలిముద్రలు పట్టుకురా అన్నాడు. ఐలయ్య ఇదే ప్యాడుతో ఇరవై రెండు ముద్రలు తెచ్చాడు. బోరు రాలేదు. నెల తిరిగేసరికి చెలకల్లో హద్దురాళ్లు వచ్చాయి. ఆ కాగితాలు అమ్మకం ఒప్పందాలని అప్పుడు తేలింది. అదే ఏడు ఐలయ్య ఇంటి రేకులు తీసి స్లాబు వేశాడు. అది బావమరిది చేసిన సాయం. చెబితే ఎవరు నమ్ముతారు? ఎవరూ నమ్మలేదు. అంతకుముందు తమ్మీ అని నోరారా పిలిచే ఎల్లమ్మ ఆ రోజు నుంచి కారోబారు అంటోంది. అడ్డగీతలు కూడా అప్పటి నుంచే.

ఆయన వాడకు వెళ్లేసరికి మూడు దాటింది. ఎల్లమ్మ అరుగు మీద చింతపండు పిక్కలు తీస్తోంది. డెబ్బై ఏళ్లు దాటినా చూపు చెక్కుచెదరలేదు. ముందు ఆయన జేబు వంక చూసింది, తర్వాత ముఖం వంక.

"డబ్బ తెచ్చినవా కారోబారు? ఈసారి ఏం ఏస్తరంట, బోరా, బావా?"

"బొందలగడ్డ కాగితం అక్కా. జర ఇను."

ఎల్లమ్మ కొడుకు మహేందర్ గడపలోకి వచ్చాడు. మాదాపూర్ ఆఫీసులకు క్యాబ్ నడుపుతాడు, అప్పుడే నిద్ర లేచాడు. రిజిస్టరు గుంజుకుని కూడబలుక్కుంటూ చదివాడు.

"బొందలగడ్డ ఏడున్నది కాకా దీంట్ల? వైకుంఠధామం అని ఉన్నది. ఏ కంపెనీ వెంచరు ఇది?"

"వెంచరు కాదురా. బొందలగడ్డకే సర్కారు అట్ల పేరు పెట్టింది."

"ఆగు, చూస్త." మహేందర్ ఫోన్‌లో వేళ్లు ఆడించి తెరను అందరికీ తిప్పి చూపించాడు. "ఇగో! వైకుంఠధామ్ అంట. ఫోర్ బీహెచ్‌కే విల్లాలు, క్లబ్ హౌసు, ఈత కొట్టే నీళ్లు గూడ ఉన్నయ్. బొందలగడ్డల ఈత కొడ్తరా కాకా?"

చుట్టూ చేరిన ఆడవాళ్లు గొల్లున నవ్వారు. నవ్వులోనే ఒకామె చేతులు వెనక్కి దాచుకుంది. ఆ తెరలో నిజంగానే విల్లాలు ఉన్నాయి. ఎక్కడో, ఎవరివో. చూసి ఐలయ్యకే అనుమానం పట్టుకుంది. జయంతి తనను మోసం చేస్తోందా? పొద్దున ఆ మాట మార్చనని ఎందుకంత పట్టుబట్టింది? మూడు పేజీలూ మళ్లీ వెలుతురుకు పట్టి చూశాడు. తన గీతలు తప్ప ఏమీ లేవు.

"నువ్వే గట్ల చూస్తున్నవ్," అంది ఎల్లమ్మ. "నీకే నమ్మకం లేదు. మేమెట్ల నమ్మాలె?"

"అయిదింటిదాక ఇయ్యకపోతె గడ్డ పోతదక్కా. నీ పెనిమిటి ఆడనే ఉన్నడు. నా ఇంటిది ఆడనే ఉన్నది."

"ఎర్కనే. నాడు బోరు రాకపోతె పిల్లలు సస్తరన్నవ్. గిట్లనే బతిమాలినవ్." పిక్కలు ఊడదీయడం ఆపింది. "ఒక్కటి అడుగుత, జెప్పు. నాడు ఇర్వై రెండు ఏలుముద్రలు పెట్టిస్తివి. దాంట్ల నీ ఏలు ఏడున్నది?"

పద్దెనిమిదేళ్లలో ఈ మాట ఎవరూ అడగలేదు. స్లాబు గురించి అడిగారు, సర్పంచు గురించి అడిగారు.

"లేదక్కా." ఐలయ్య అరుగు అంచున కూర్చున్నాడు. "ఆ కాగితాలకు పైన సగం ఖాళీగ ఉండె. రాత లేకుండ. నేను జూసిన. నాకు అనుమానం వొచ్చింది. అడుగుదామని నోటిదాక వొచ్చింది. అడిగితె నౌకరి పోతదని అడగలే. నేను పైసల్ తినలే. కని నాకు అనుమానం వొచ్చింది. గంతే నిజం."

చెప్పేసరికి ఆయనకు ఏడుపు ముంచుకొచ్చింది. దాచుకోలేదు. ఎల్లమ్మ చింతపండు చేతిని కొంగుకు తుడుచుకుంది, చాలాసేపు తుడుచుకుంది.

"మన మాట రాయి దాంట్ల," అంది చివరికి.

ఐలయ్య పెన్ను తీశాడు. అచ్చు వేసిన కాగితం మీద చేతిరాత పడితే తప్పని ముప్పై ఏళ్లుగా ఊరందరికీ చెప్పినవాడు. వైకుంఠధామం అన్న మాట పక్కన, అనగా బొందలగడ్డ, అని రాశాడు. అక్షరాలు గుండ్రంగా పడ్డాయి. పైకి చదివి వినిపించాడు.

"ఇగ నీ ఏలు పెట్టు. ముందు నీదే."

ఆయన మళ్లీ పెన్ను ఎత్తాడు.

"పెన్ను కాదు. మేం పెన్నుతోని పోగొట్టుకున్నమా?"

డబ్బా మూత తీస్తే ప్యాడు నడుమ భాగం ఎండిపోయి ఉంది. ఈ మధ్య అందరూ సంతకాలే పెడుతున్నారు. ఒక మూలన మాత్రం కాస్త తడి మిగిలింది. ఐలయ్య అక్కడ బొటనవేలు గట్టిగా అదిమి, రిజిస్టరులో యాభయ్యో నంబరు మీద పెట్టాడు. సంతకం చక్కగా చేస్తాడని పేరున్న మనిషికి వేలిముద్ర ఎటు తిప్పి పెట్టాలో తెలియలేదు. ఎల్లమ్మ ఆయన మణికట్టు పట్టుకుని తిప్పింది. తర్వాత అదే మూలన, ఆయన బొటనవేలి గుంట పక్కనే తన వేలు అదిమి, యాభై ఒకటో నంబరు మీద వేసింది.

"ఏం జూస్తున్రే? రాండ్రి," అని కేక పెట్టింది.

మహేందర్ ఇంట్లోంచి నాలుగు చుక్కలు నీళ్లు తెచ్చి ప్యాడు నడుమ పోశాడు. చదువుకున్నవాళ్లు కూడా ఆ రోజు వేలిముద్రలే పెట్టారు. చివరి ముద్ర పడేసరికి డెబ్బై ఎనిమిది. మిగిలిన ఖాళీ గళ్ల మీద ఐలయ్య అక్కడే, అందరి ముందు, అడ్డగీత కొట్టాడు. దానికి ఎవరూ నవ్వలేదు.

ఆఫీసుకు చేరేసరికి నాలుగూ నలభై. జయంతి చేతిరాత చూసి తల పట్టుకుంది.

"ఇదేంటండీ! దీన్ని పైన ఒప్పుకుంటారా?"

"యాప్‌ల నీ వైకుంఠధామమే పెట్టుకో అమ్మా. కాగితం మీద ఇది ఉండనియ్."

ఆమె ఆయన ముఖం చూసింది, ఊదారంగు బొటనవేలు చూసింది. ఆ దిద్దుబాటు పక్కన పొట్టి సంతకం పెట్టి, ఆఫీసు ముద్ర వేసింది. రిజిస్టరు సంచిలో పెట్టుకుని మండలాఫీసుకు పోవడానికి స్కూటీ తీస్తుంటే ఐలయ్య గుమ్మం దాకా వచ్చాడు.

"రసీదు తీస్కో. నోటి మాట నమ్మకు."

"తీసుకుంటాను. మీరు ఇంటికెళ్లి పడుకోండి. అలా చెమటలేంటి?"

"తాళం ఏసి పోత."

అయిదుకు మూడు నిమిషాల ముందు ఆమె రసీదు ఫొటో పంపింది. ఐలయ్య దాన్ని పెద్దది చేసి, ముద్ర, తారీఖు, సంతకం మూడూ చూశాడు. ఖాళీ ఎక్కడా లేదు. కుర్చీలో వెనక్కి వాలాడు.

మర్నాడు పొద్దున జయంతి వచ్చేసరికి తలుపు తీసే ఉంది. ఆయన కుర్చీలోనే ఉన్నాడు, ఫోను ఒళ్లో ఉంది. పిలిచింది. భుజం మీద చెయ్యి వేసి, వెంటనే తీసేసింది.

మధ్యాహ్నానికి తంగేడు పొద పక్కన గుంత తవ్వారు. పద్నాలుగో అంతస్తు బాల్కనీలో ఎవరో నిలబడి చూస్తున్నారు. ఎల్లమ్మ కొంగులో మట్టి పట్టుకుని గుంత అంచుకు వచ్చింది.

"జాగ రాయించుకోని పోయినవా తమ్మీ," అని పోసింది. ఆ పిలుపు విని మహేందర్ తల తిప్పుకున్నాడు.

ఆఫీసుకు తిరిగివచ్చి జయంతి మరణాల రిజిస్టరు తీసింది. పేరు రాసింది, వయసు రాసింది. ఎక్కడ పూడ్చారన్న గడిలో బొందలగడ్డ అని రాసింది. కింద మిగిలిన ఖాళీ చూసి స్కేలు కోసం బల్ల మీద వెతికింది. అక్కడ ఇంకు ప్యాడు మూత తెరిచే ఉంది. నడుమ పోసిన నీళ్లు ఆరిపోయాయి గానీ, ఒక మూలన రెండు బొటనవేళ్ల గుంటలు పక్కపక్కనే ఇంకా తడిగా ఉన్నాయి.