కొట్టిన కంప

ఏరు దాటించే పంటు మీంచి పొక్లెయిన్ లంకలోకి దిగుతున్నప్పుడు, మేమంతా ఇవతలి రేవులో కూర్చుని చేతుల్లోంచి ముళ్ళు తీసుకుంటున్నాం.

ఎనిమిది రోజులు ఇంటికో మనిషి చొప్పున ఏరు దాటి వెళ్ళి ఆ లంకలో సర్కారు తుమ్మ కొట్టాం. ఎండు రెల్లు తగలబెట్టాం. ఏటా మాఘంలో చేసే పనే. ఆ బూడిదలోంచి లేతగడ్డి లేస్తే ఫాల్గుణంలో పశువుల్ని ఈదించి తీసుకెళతాం. సెంటు భూమి లేని నలభై ఇళ్ళకి ఎండాకాలం మేత అదే. అది పోతే గేదెల్ని సంతకి తోలడమే.

రొయ్యల చెరువుల కాంట్రాక్టరు సోమేశ్వరరావు మూడేళ్ళుగా ఆ లంక మీద కన్నేశాడు. ముళ్ళు కొట్టించే ఖర్చెందుకని ఊరుకున్నాడు. ఈసారి మేం నున్నగా చేసేదాకా ఆగి దిగాడు. మా చేతులతోనే మా మేతభూమి వాడికి చదును చేసిపెట్టాం. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే మంట.

"లీజు కాగితం ఉందండీ. మీరు శ్రమపడకండీ," అన్నాడు. మా కోనసీమలో కడుపు మీద కొట్టేవాడు కూడా అండీ అనే కొడతాడు.

సాయంత్రం రేవులోనే మీటింగు పెట్టుకున్నాం.

"మళ్ళీ అర్జీ పెడదాం," అన్నాడు సంఘం పెద్ద వెంకటస్వామి.

"ఎన్ని పెట్టేరు బాబాయ్ గారూ? ఈ అర్జీ చదివేలోపు చెరువు గట్టు లేచిపోద్దండి," కసిరింది భూలక్ష్మి.

"మిషను తగలెట్టేద్దాం," అన్నాడు జాయ్.

"తగలెట్టి నువ్వు జైల్లో కూచుంటే నీ గేదెని ఎవడు కాస్తాడ్రా?" అన్నాడు వెంకటస్వామి.

అరుపులు కూడా నీరసంగానే వచ్చాయి. ఎవరికీ ఓపిక లేదు.

అరచేతులకి గుడ్డపీలికలు చుట్టుకుని కూర్చున్న మహాలక్ష్మమ్మ అప్పుడు నోరు విప్పింది. ఆవిడకి డెబ్భై దాటాయి. మూడు గేదెలే ఆవిడ బతుకు.

"కొట్టిన కంప ఏం చేసేరర్రా?"

"పచ్చిది కదండి మామ్మ గారూ, కాల్చలేదు. కుప్పలేసేం," అన్నాడు జాయ్.

"మరింకేం? తీసింది మనవే కదా. మళ్ళీ పెట్టెయ్యండి."

మర్నాడు పొద్దున్నే, డ్రైవరు రాకముందే, నలభై ఇళ్ళూ కదిలాయి. ఆ కంపంతా మళ్ళీ నెత్తిన మోశాం. మిషను చుట్టూ, పంటు ఆగే చోటా మనిషెత్తున పేర్చాం. ముల్లు దిగని చెయ్యి లేదు.

ఇవతలికి తిరిగొచ్చేసరికి గట్టు మీద పోలీసు జీపు ఉంది.

"ఎవరు చేయించేరిది?" అన్నాడు ఎస్సై.

"నేనేనండి," అంది మహాలక్ష్మమ్మ.

"ఇన్నాళ్ళూ అర్జీలు రాసింది నేనండి. నా పేరూ రాసుకోండి," అన్నాడు వెంకటస్వామి.

ఇద్దర్నీ జీపెక్కించారు. ఆవిడ జీపు వెనకనుంచి తల బయటపెట్టి, "ఇవాళే తోలెయ్యండర్రా పశువుల్ని," అంది.

"గడ్డి ఇంకా వేలెడు కూడా లేదండి మామ్మ గారూ!" అన్నాడు జాయ్.

"లేకపోతే పడుకుంటాయి. పడుకున్న గేదెల్ని లేపి చెరువు తవ్వుకోమనండి, చూద్దాం."

జీపు కదిలేలోపే భూలక్ష్మి మహాలక్ష్మమ్మ గేదెల్ని ముందు నీళ్ళల్లోకి దింపింది. వాటి వెనక ఊరి పశువులన్నీ దిగాయి. వాటి తోకలు పట్టుకుని మేమూ దిగాం. సముద్రప్పోటుకి ఏట్లోకి ఎక్కిన ఉప్పునీళ్ళు తగిలి చేతులు భగ్గున మండాయి. ఒళ్ళు హూనమైపోయింది. తోకలు మాత్రం ఎవరమూ వదల్లేదు.